పల్లవి వినబడదు, పై గొంతు పగులుతుంది: ఎందుకు?

ఇబ్రహీంపట్నంలో మా చిన్న గదిలో బతుకమ్మ పాట రికార్డు చేసే ప్రతిసారీ ఈ చిక్కే. పల్లవి సరిగా వినబడదు. చరణంలో గొంతు లేవగానే సౌండు పగులుతుంది. ఇది పాడే మనిషి తప్పు కాదు. వాకిట్లో చప్పట్ల మీదుగా, 'ఉయ్యాలో' అని అందుకునే ఆడవాళ్లందరికీ వినబడేలా పాట చెప్పిన గొంతు అది. పై స్వరం అందుకోవాలంటే ఊపిరి బలంగా తోయాలి. బలం పెరిగితే శబ్దమూ పెరుగుతుంది.

మరి ఎలా సరిచేయాలి? గట్టి శబ్దాన్ని అణిచే కంప్రెసర్ జోలికి పోకముందే దూరం చూడాలి. మైకుకు 4 అంగుళాల్లో నిలబడి పాడేవారు ఇంకో 4 అంగుళాలు వెనక్కి జరిగితే శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. మొదటే 8 అంగుళాల్లో ఉంటే, అదే కదలికకు తగ్గేది మూడున్నర. అందుకే "అక్కా, జర దూరంగ నిలవడు" అంటాను. జానెడు దూరముంటే తల ఊపినా పాట నిలకడగా వస్తుంది. మరీ దగ్గరైతే గొంతులో బేస్ కూడా పెరుగుతుంది. దూరం జరిపితే గది మోత కొంత చేరుతుంది కాబట్టి, వెనక గోడకు రెండు బొంతలు వేలాడదీస్తాం.

గెయిన్ పెట్టేటప్పుడు పల్లవి కాదు, అన్నిటికన్నా గట్టిగా పాడే చరణం పాడించుకోవాలి. 24 బిట్‌లో ఆ శిఖరం మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగితే చాలు. మెల్లగా పాడినదాన్ని తర్వాత పెంచుకోవచ్చు, పగిలినదాన్ని అతికించలేం.

హెడ్‌ఫోన్స్ సంగతి చాలామంది మరిచిపోతారు. తన గొంతు తనకు వినబడకపోతే ఎవరైనా అరుస్తారు. పాడే ఆమె చెవిలో తన గొంతు కాస్త పెంచండి, అరుపు దానంతటదే తగ్గుతుంది.

ఇంకా మిగిలిన హెచ్చుతగ్గుల్ని ముందు చేత్తోనే, మాట మాటకూ వాల్యూమ్ సవరిస్తూ సరిచేస్తాను. ఓపిక కావాలి, కానీ పాట బతుకుతుంది. కంప్రెసర్ ఆ తర్వాతే. 4:1 నిష్పత్తిలో పెడితే, హద్దు దాటిన 8 డెసిబెల్స్ 2గా బయటికొస్తాయి. అది మరీ తొందరగా పట్టేస్తే ట, డ, ద్విత్వాక్షరాల దెబ్బ మెత్తబడుతుంది. మన జానపదానికి ఆ దెబ్బే తాళం. అందుకే పట్టును 20, 30 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాను.

అణిచిన ట్రాకును మళ్లీ పెంచితే ఊపిరి చప్పుళ్లూ పైకొస్తాయి. వాటిని కొంత తగ్గిస్తాను, పూర్తిగా తుడిచేయను. దీర్ఘం అందుకునే ముందు ఆమె తీసిన ఊపిరి వినబడాలి.