మీదేవూరండి?

దుబాయ్‌లో ఒక రోజు ఆగుతున్నారా? అయితే బర్ దుబాయ్‌లో అబ్రా ఎక్కండి. అబ్రా అంటే చిన్న చెక్క పడవ. ఒక్క దిర్హమ్ తీసుకుని క్రీక్ దాటించి, మిమ్మల్ని డేరాలో దింపుతుంది. అక్కడి నుంచి బంగారం బజారుకు నడిచి వెళ్లవచ్చు.

ఆ పడవలో మీ పక్కన కూర్చున్న ఆయన ఫోన్‌లో తెలుగు మాట్లాడుతూ ఉండవచ్చు. ఇందులో వింతేమీ లేదు. గోదావరి జిల్లాలు, శ్రీకాకుళం, కడప, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి ఎంతోమంది గల్ఫ్‌కు పనికి వస్తారు. మీరు ధైర్యం చేసి "నమస్కారమండి" అనండి. ఆయన ముఖం విప్పారుతుంది. వెంటనే అడుగుతారు: "మీదేవూరండి?"

మీరు "డర్బన్" అంటారు, లేదా "పోర్ట్ లూయిస్" అంటారు. ఆయన ఒప్పుకోరు. "అది కాదండి, అసలూరు?"

ఈ ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉందా? ఉంటే ఆ పడవలోనే ఒక చుట్టం దొరకవచ్చు. లేకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది.

జవాబు చాలామందికి కాగితాల్లోనే ఉంది. 1860 అక్టోబరు 12న మద్రాసులో బయల్దేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. ఓడ జాబితాలో ప్రతి కూలీకి ఒక నంబరు ఇచ్చారు. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు రాశారు. ఫిజీ పాసులో దగ్గరి బంధువు పేరుకు కూడా ఒక గడి ఉంది. ఊళ్లో ఉండిపోయిన తమ్ముడి పేరు అక్కడ దొరకవచ్చు. మారిషస్ వాళ్ల పాత రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి.

కానీ ఊరి పేరును గుమాస్తాలు చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. చాలా పేర్లు గుర్తుపట్టలేనట్టు ఉంటాయి. అందుకే ఆ కాగితం ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి. ఊరి పేరు పైకి చదవండి. మీరు తప్పుగా పలికినా, ఆ ప్రాంతం మనిషి సరిగ్గా వినగలరు. "ఓ, అదా! మా అత్తగారి ఊరి పక్కనేనండి" అనవచ్చు.

రెండో ప్రశ్న ఇంకా కష్టం: "మీ ఇంటిపేరేంటండి?" అప్పడు, రామసామి, నాయుడు అని చెప్పకండి. అప్పడు, రామసామి ఏ తాతగారి పేరో అయ్యుంటుంది. నాయుడు అనేది పేరు చివర పెట్టుకునే మాట. ఇంటిపేరు అసలు పేరుకు ముందు వస్తుంది. ఓడ జాబితాలో దానికి గడి లేదు. అది నాయనమ్మ జ్ఞాపకంలోనో, పాత పెళ్లి శుభలేఖలోనో ఉండాలి.

ఇంటిపేరు తెలిస్తే వరస తెలుస్తుంది. ఇంగ్లీషులో అందరూ అంకులే. తెలుగులో నాన్న తమ్ముడు బాబాయ్, నాన్న అన్న పెదనాన్న, అమ్మ అన్నదమ్ములు మేనమామలు. ఇంటిపేరూ గోత్రమూ కలిస్తే మీరిద్దరూ ఒకే ఇంటివాళ్లు కావచ్చు. అప్పుడు ఆయన మీకు బాబాయో, అన్నో అవుతారు.

తొందరపడకండి. ఒకే ఇంటిపేరు ఎన్నో ఊళ్లలో, వేర్వేరు కులాల్లో కూడా ఉంటుంది. ఊరు, తండ్రి పేరు, వెళ్లిపోయిన కాలం కూడా కలవాలి. అది తేల్చగలవాళ్లు ఊళ్లోని పెద్దవాళ్లే. "మీ ఇంట్లో ఎవరైనా ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదా అండి?" అని అడిగించండి. యూఏఈలో వాట్సాప్‌ కాల్ మామూలుగా కలవదు. చాలామంది బోటిమ్ వాడతారు. ఇండియా టైము గంటన్నర ముందుంటుంది, కాబట్టి మరీ రాత్రి చేయించకండి.

ఇంకో మాట. ఆయనకు వారానికి ఒక్క సెలవే ఉండవచ్చు. ఆ సెలవులోనే బట్టలు ఉతుక్కోవాలి, ఇంటికి డబ్బు పంపాలి, పిల్లలతో మాట్లాడాలి. ఆయన టైము అడిగి తీసుకోండి. ఫొటో తీసే ముందు "తీసుకోవచ్చా అండి?" అనండి. ఇక్కడ అడక్కుండా మనుషుల ఫొటో తీయడం చట్టరీత్యా తప్పు కూడా. చుట్టం కాకపోయినా ఒక టీ తాగించండి. మీ ముత్తాతలాగే ఆయన కూడా కూలి కోసం సముద్రం దాటి వచ్చిన మనిషి.

విమానం టికెట్ కొనేముందు ఈ మూడూ ఇంట్లో అడిగి, తెలుగులో రాసి పెట్టుకోండి: మన ఊరేది? మన ఇంటిపేరేంటి? ఓడెక్కిన తాత వాళ్ల నాన్న పేరేంటి? ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను ముందు అడగండి, ఈ వారమే.

కొత్త మాటలు
అసలూరు: పూర్వీకులు పుట్టిన ఊరు
ఇంటిపేరు: కుటుంబం పేరు, అసలు పేరుకు ముందు వస్తుంది
వరస: ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పే సంబంధం
చుట్టం: బంధువు