కళాకారుని మౌనము

పంటభూమి నొక సంవత్సరము బీడు విడిచిన రైతును సోమరియని యెవ్వరును నిందింపరు. భూమికి విశ్రాంతి కావలయునని మన గ్రామములలో నక్షరము నేర్వనివాడును ఎఱుగును. కాని యొక కవి రెండేండ్లు పద్యము చెప్పకున్నను, ఒక చిత్రకారుడు కుంచె పట్టకున్నను, ఒక గాయకుడు సభ కెక్కకున్నను, ఆతని పని యైపోయినదని లోకము తీర్పు చెప్పును. అంతకంటె విచారకరమైన విషయ మేమనగా, కొన్నాళ్ల కా తీర్పును కళాకారుడే నమ్మును. ఈ నమ్మకమువలని యనర్థమును, దానినుండి బయటపడు మార్గమును గుఱించి నేడు కొంత విచారింపదలచితిమి.

రష్యాదేశపు సంగీతకర్త సెర్గీ రాఖ్మానినోవ్ చరిత్ర మిందుకు చక్కని నిదర్శనము. 1897వ సంవత్సరము మార్చి నెలలో ఆయన మొదటి సింఫనీ సెంట్ పీటర్స్‌బర్గు నగరమున తొలిసారి వినిపింపబడెను. అప్పటి కాయన వయస్సు 23 ఏండ్లు. వాద్యబృందమునకు తగిన సాధన లేకుండెను. బృందమును నడిపిన గ్లజునోవ్ రచనకు న్యాయము చేయలేకపోయెను. సెజార్ క్యుయి యను విమర్శకుడు ఆ సంగీతమును ఈజిప్టుదేశమును పీడించిన యరిష్టములతో పోల్చి, నరకవాసులకు మాత్ర మది వినోదకరముగా నుండునని పత్రికలో పరిహసించెను. ఆ దెబ్బతో రాఖ్మానినోవ్ కలము దాదాపు మూడేండ్లు స్తంభించెను. ఆ కాలమున ఆయన ఒక నాటకసంగీత సమాజమున వాద్యబృందమును నడిపియు, పియానో పాఠములు చెప్పియు కాలము గడపెను గాని, క్రొత్తరచన సాగలేదు. ధైర్యము కలుగునని టాల్‌స్టాయి మహాశయుని యొద్దకు గొనిపోగా, ఆ దర్శనమువలనను ప్రయోజనము కలుగలేదు.

తుదకు 1900వ సంవత్సరారంభమున బంధువు లాయనను నికొలాయ్ దాల్ అను మాస్కో వైద్యుని యొద్దకు పంపిరి. దాల్ స్వయముగా సంగీతప్రియుడు. జనవరి మొదలు ఏప్రిలు వఱకు ఆయన హిప్నాటిజముచేతను, మృదుసంభాషణముచేతను రోగికి మొదట నిద్రను, ఆకలిని, పిమ్మట రచనపై నమ్మకమును కలుగజేయ యత్నించెను. రాఖ్మానినోవ్ మరల కలము పట్టెను. అందును ఒక విశేషము కలదు. రెండవ పియానో కన్సర్టోలో రెండవ, మూడవ భాగములే ముందుగా పూర్తియై 1900 డిసెంబరులో వినిపింపబడెను. మొదటి భాగము తరువాత వచ్చెను. 1901లో సంపూర్ణరచన మాస్కోలో వినిపింపబడి, కర్తకు శాశ్వతకీర్తిని తెచ్చెను. దానిని ఆయన దాల్‌కే అంకిత మిచ్చెను. ఇక లోకము త్రోసిపుచ్చిన యా మొదటి సింఫనీ యేమైనది? 1943లో కర్త మరణించిన పిమ్మట దాని వాద్యప్రతులు లెనిన్‌గ్రాడులో దొరకగా, 1945లో మాస్కోలో మరల వినిపించిరి. నేడది గౌరవముతో వినబడుచున్నది. ఒక సాయంకాలపు తీర్పు ఎంత తొందరపాటైనదో పాఠకులే గ్రహింపగలరు.

మన దేశమునను ఇట్టి యుదాహరణము లేకపోలేదు. 1912వ సంవత్సరము మార్చిలో రవీంద్రనాథ ఠాకూరు సీమకు ప్రయాణమై, అస్వస్థతచే నిలిచిపోయి, పద్మానదీతీరమున శిలైదహా చేరెను. క్రొత్తరచనకు శక్తి చాలకుండెను. ఊరకుండుటయు మనసునకు రుచింపలేదు. అందుచే తన వంగగీతములను మెల్లగా నాంగ్లమునకు మార్చుకొనుచు కూర్చుండెను. అలసిన మనసునకు ఊరటగా చేసిన యా పనియే ఆంగ్ల గీతాంజలియై, 1913లో నోబెల్ బహుమానమునకు కారణమయ్యెను. 1919లో మన మదనపల్లెలో విశ్రమించినప్పుడును ఆయన జనగణమన గీతమును ఆంగ్లమున కనువదించెను. వార్ధక్యమున వ్రాతప్రతులలోని కొట్టివేతలనే రూపములుగా దిద్దుచు చిత్రకళలోనికి ప్రవేశించి, 1930లో పారిస్ నగరమున చిత్రప్రదర్శనము గావించెను.

కవిత్వమునకు నిరుపద్రవమైన చోటు, ఇంపైన భోజనము, తాంబూలము, ఊయలమంచము, తప్పొప్పు లెఱిగిన రసజ్ఞులు కావలయునని పెద్దనగారి పేర నొక చాటువు మనలో వాడుకలో నున్నది. దానిని విలాసముగా నెంచి నవ్వుకొనువారు కలరు. కాని అందలి సారము సత్యము. అయినను సౌఖ్యమొక్కటియే చాలదు. ఫిన్లాండు సంగీతకర్త సిబేలియుస్‌కు 1897 నుండి రాజ్యమే వర్షాశనము నిచ్చినను, 1926 తరువాత 1957లో మరణించువఱకు ఆయన నుండి మహారచన వెలువడలేదు. ఎనిమిదవ సింఫనీని తానే అగ్నికి సమర్పించెనని చెప్పుదురు. పరుల నిందకంటె తన నిందయే కఠినమైనపుడు ధన మేమి చేయగలదు?

కావున కళాకారులకు మా మనవి యిది. అలసటను అసమర్థతగా భ్రమింపకుడు. పూర్తిగా సొమ్మసిల్లకమునుపే విశ్రమింపుడు. క్రొత్తది రానపుడు పాతదానిని దిద్దుడు, అనువదింపుడు, శిష్యునకు పాఠము చెప్పుడు. చేయి మాత్రము పనికి దూరము కానీయకుడు. ఆరంభము తోచకున్న నడుమనుండి మొదలిడుడు. నిద్రాహారములు చెడి, దిగులు విడువకున్న, సిగ్గుపడక వైద్యుని సంప్రదింపుడు.

సభలు జరిపించు సంపన్నులకును పురప్రముఖులకును వేఱొక మనవి. ఉత్సవదినములలో రాత్రి యొకయూర, మఱునాడు వేఱొకయూర హరికథ చెప్పించి, కంఠము బొంగురుపోగానే భాగవతారును మఱచిపోవుట రసికత కాదు. పాడిన దినమున నిచ్చు శాలువకంటె, పాడలేని సంవత్సరమున నింటికి పంపు బియ్యపు బస్తా గొప్ప సన్మానము. విమర్శకులు దోషము చెప్పవచ్చును, చెప్పవలయును; పరిహాసము మాత్రము మానవలయును. దాల్ వైద్యుడు ఒక్క స్వరమైనను వ్రాయలేదు. అయినను ఆ కన్సర్టో మొదటిపుటపై ఆయన పేరు నేటికిని నిలిచియున్నది. అట్టి భాగ్యము మన యూళ్లలో నెవరికైనను సాధ్యమే.