ఊరి బోర్డు మీద రెండు పేర్లు

పొరుగు రాష్ట్రంలో స్థిరపడ్డ మనకు బోర్డు మీద తెలుగు అక్షరం కనబడితే ప్రాణం లేచి వస్తుంది. దూరాన పోలండు పల్లెల్లోనూ ఇలాంటివారున్నారు.

అక్కడ స్థానిక పాలనకు పునాది 'గ్మీనా'. కొన్ని పల్లెలు కలిసి ఒక గ్రామీణ గ్మీనా. ఇంచుమించు మన మండలం లాంటిది. దానికి ఎన్నికైన సభ, సొంత బడ్జెట్టు ఉంటాయి. కమ్యూనిస్టు పాలన పోయాక 1990లో వచ్చిన ఏర్పాటిది. పల్లెపెద్దను 'సోవ్టిస్' అంటారు; ఊరివాళ్లే ఎన్నుకుంటారు.

లిథువేనియా సరిహద్దు దగ్గర పున్స్క్ అనే గ్మీనా ఉంది. అక్కడ ఎక్కువమంది తరతరాలుగా లిథువేనియన్ మాట్లాడేవారే. 2005 నాటి చట్టం ప్రకారం, గ్మీనాలో అల్పసంఖ్యాకులు 20 శాతం ఉంటే, ఊరి పేరు వారి భాషలోనూ రాయించాలని సభ కోరవచ్చు. బ్యాంకు ఉద్యోగిని కనుక, ఖర్చెవరిదని ముందు చూశాను. బోర్డుల ఖర్చు ప్రభుత్వ ఖజానాదే!

అలా పున్స్క్ పల్లెల్లో బోర్డులు వెలిశాయి. కానీ 2011 ఆగస్టులో ఎవరో లిథువేనియన్ పేర్ల మీద రంగు పూసిపోయారు. చట్టం ఇచ్చిన అక్షరాన్ని ఒక్క రాత్రిలో చెరిపేయవచ్చన్నమాట.

అయితే ఆ ఊళ్లో లిథువేనియన్ భాషలో చదువు చెప్పే ఉన్నత పాఠశాల 1956 నుంచీ నడుస్తోంది. బోర్డులకన్నా అర్ధశతాబ్దం ముందే, వాటిని చదవగల పిల్లలను వారు తయారు చేసుకున్నారు.

ఖజానా బోర్డు పెట్టించగలదు. చదివేవారిని మాత్రం ఇల్లే ఇవ్వాలి. మన పిల్లలు ఇంటి ముందున్న తెలుగు పేరును కూడబలుక్కోకుండా చదవగలరా? ఈ సాయంత్రమే అడిగి చూడండి.