ఇంగ్లీషు అలంకారాలకు ఇంట్లోనే సాయం



పేరెంట్స్ మీటింగ్‌కి వచ్చినప్పుడు మీలో చాలామంది అడిగే మాట ఒకటుంది. "మేడమ్, మాకు ఇంగ్లీషు రాదు, ఇంట్లో పిల్లలకు ఏం చెప్పగలం?" దానికి జవాబు ఈ నెల ఇక్కడ రాస్తున్నాను.

హైస్కూల్ తరగతులకు వచ్చేసరికి ఇంగ్లీషు పద్యాలతో పాటు సిమిలీ, మెటఫర్, పర్సనిఫికేషన్, ఆనమటోపియా లాంటి పేర్లు వస్తాయి. పిల్లలు డెఫినిషన్ బట్టీ పడతారు. మొన్న ఒక బాబు మెటఫర్ డెఫినిషన్ ఒక్క మాట కూడా పోకుండా అప్పజెప్పాడు. అది పద్యంలో ఎక్కడుందో చూపించమంటే మాత్రం తల దించుకున్నాడు. తప్పు వాడిది కాదు, ముందు డెఫినిషన్ రాయించిన నాది.

అప్పుడు తెలుగులో అడిగాను. "మీ తాతయ్యకు కోపమొస్తే ఎలా ఉంటారు?" "నిప్పులా ఉంటారు మేడమ్." అదే సిమిలీ. "మా తాతయ్య నిప్పు" అంటే మెటఫర్. ఆ 'లా' ఉందా లేదా అని చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ పని చేసేవి 'లైక్', 'యాజ్' అనే మాటలు. మీరు తెలుగు మీడియంలో చదివి ఉంటే ఇవి మీకు ఉపమ, రూపకం పేర్లతో ముందే తెలుసు.

ఆనమటోపియా స్పెల్లింగ్ చూసి పిల్లలు భయపడతారు (నేనూ బీఈడీలో భయపడ్డాను). గ్రీకులో దాని అర్థం పేరు తయారుచేయడం. అంటే శబ్దాన్ని బట్టి పుట్టిన మాట. ఇంగ్లీషులో బజ్, హిస్ లాంటివి కొన్ని చెప్తాం. మన దగ్గర చిటపట, గలగల, బుసబుస, కిర్రు, టపటప... మీ వంటింట్లో నిలబడితే ఒక పేజీ నిండుతుంది.

అన్నీ అచ్చంగా సరిపోవు. కప్లెట్ అంటే రెండు పాదాల పద్యం, మన ద్విపద లాంటిది. శ్రీనాథుడి పేరు మీద ఉన్న మన పల్నాటి వీరచరిత్ర ద్విపదలోనే ఉంది. కానీ కప్లెట్‌లో ప్రాస పాదాల చివర పడుతుంది, ద్విపదలో ప్రతి పాదం రెండో అక్షరం దగ్గర పడుతుంది. ఈ తేడా చెప్తే పిల్లలకు రెండూ గుర్తుంటాయి.

కొత్త మాటలదీ ఇదే దారి. 'బాండికూట్' బోర్డు మీద రాస్తే ఎవరికీ తెలియలేదు. అది మన పందికొక్కే అని, ఇంగ్లీషు వాళ్లు తెలుగు నుంచే తీసుకున్నారని చెప్పగానే క్లాసంతా నవ్వు. నాదెండ్లలో పొలం ఉన్న ఇంటి పిల్లలకు దాని గురించి నాకంటే ఎక్కువ తెలుసు! ఆ మాట ఇక మర్చిపోరు.

రోజుకు పది మాటలు రాయించమని కొందరు అడుగుతున్నారు. నేనూ ఒక ఏడాది అలాగే రాయించాను. శనివారం టెస్టులో పదికి పది వచ్చేవి, రెండు వారాల తర్వాత అడిగితే సగం కూడా గుర్తుండేవి కావు. ఇప్పుడు మూడే ఇస్తున్నాను. రెండు రోజులాగి ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి ఆ మాటతో సొంత వాక్యం చెప్పమని మీరు అడగండి. వాక్యం సరిగా ఉందో లేదో నేను క్లాసులో చూసుకుంటాను.

ఈ వారం ఏడో తరగతి పిల్లలు మిమ్మల్ని ఐదు శబ్దాల మాటలు అడుగుతారు. పొలంలో, వంటింట్లో, బస్సులో విన్నవి ఏవైనా సరే. డైరీలో తెలుగులోనే రాసి పంపండి.