నీటి ఎలుగు, కోలా: కరవు సీమకు రెండు పోలికలు

వై.ఎస్.ఆర్. కడప జిల్లా వేముల మండలంలో వేసవి క్షేత్ర సందర్శనకు వెళ్లినప్పుడు ఒకే గట్టుకు ఇరువైపులా రెండు దృశ్యాలు కనిపించాయి. ఒకవైపు దుక్కి దున్ని వాన కోసం వదలిన చేను, మరోవైపు ట్యాంకరు నీటితో ప్రాణం నిలుపుకొంటున్న చీనీతోట. ఈ తేడాను విద్యార్థులకు వివరించేందుకు రెండు జంతువులను పోల్చి చెబుతుంటాను. ఒకటి సూక్ష్మదర్శినిలో కనిపించే నీటి ఎలుగు, అంటే టార్డిగ్రేడ్. రెండవది పిల్లను కడుపుసంచిలో పెంచే ఆస్ట్రేలియా కోలా. పేరులో ఎలుగు ఉన్నా రెండూ ఎలుగుబంట్లు కావు.

ఆగి బ్రతికే జీవి

1773లో జర్మన్ పరిశోధకుడు గోయెజ్ 'చిన్న నీటి ఎలుగు' అని పిలిచిన ఈ ఎనిమిది కాళ్ల జీవి పొడవు సుమారు అర మిల్లీమీటరు. నాచుపై నివసించే జాతులు, నాచు ఎండేకొద్దీ కాళ్లు ముడుచుకొని, దేహంలోని నీటిలో 95 శాతానికి పైగా కోల్పోయి, జీవక్రియను దాదాపు నిలిపివేస్తాయి. తడి తగలగానే మళ్లీ కదులుతాయి. అయితే నిత్యం నీరుండే కొలనులలోని జాతులలో చాలావాటికి ఈ శక్తి తక్కువ. తరచుగా ఎండే చోట బ్రతికే వాటికే ఎండను తట్టుకునే గుణం అబ్బింది.

ఆకునే నమ్మిన జీవి

కోలాకు యూకలిప్టస్ ఆకులే ఆహారం. వాటిలో పోషకాలు తక్కువ, హానికర రసాయనాలు ఎక్కువ. సుమారు రెండు మీటర్ల పొడవైన అంధనాళంలోని సూక్ష్మజీవుల తోడ్పాటుతో వాటిని జీర్ణం చేసుకొని, రోజులో అధిక భాగం నిద్రతో శక్తిని పొదుపు చేస్తుంది. నీరూ ఎక్కువగా ఆకుల నుండే లభిస్తుంది. కనుక చెట్టు వాడితే ఆహారం, నీరు ఒకేసారి కరవవుతాయి. అడవుల నరికివేత, కార్చిచ్చు, కరవు, వ్యాధుల వలన 2022 ఫిబ్రవరిలో తూర్పు ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్, న్యూ సౌత్ వేల్స్, రాజధాని ప్రాంతాలలో కోలాను అంతరించే ప్రమాదమున్న జంతువుగా ప్రకటించారు.

మన పొలాలకు అన్వయం

కొర్ర విత్తనం నీటి ఎలుగు వంటిది. తగినంత ఎండబెడితే సంచిలో వేచి ఉంటుంది, వాన ఆలస్యమైతే రైతు విత్తు వాయిదా వేయగలడు. చీనీ, అరటి తోటలు కోలా వంటివి. చీనీని పూత కోసం కొన్ని వారాలు వాడబెట్టగలం గాని ఏడాదంతా నిలిపి ఉంచలేము. అలాగని వేచి ఉన్న విత్తనం కుటుంబాన్ని పోషించదు. తోట ఇచ్చే రాబడిని తక్కువ చేయలేము.

తొలినాళ్లలో నేనూ ఎకరా రాబడి లెక్క చూపి తోటలను సిఫారసు చేశాను. నా మాట విన్న ఒక రైతు, బోరు ఎండిన తరువాత కాపుకొచ్చిన చెట్లను నరికివేశాడు. నా లెక్కలో కరవు సంవత్సరం లేదు.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు సిఫారసుకు ముందు బోరు మే నెలలో ఎంత నీరిస్తున్నదో అడగాలి. ఆ నీటికి సరిపడినన్ని చెట్లే నాటించాలి. మిగిలిన భూమిలో నేలను బట్టి కొర్ర, కంది, శనగ వంటి వర్షాధార పంటలను నిలపాలి. తోటను మంచి సంవత్సరపు నీటితో కాక, చెడ్డ సంవత్సరపు నీటితో కొలవడమే క్షేమం.