గుండెలో కరెంటు

"గుండెలో కరెంటా!" అని ఆళ్ళగడ్డలో అక్కలు నవ్వారు. అవును, ఉంది. గుండె పైభాగాన, కుడివైపు, ఒక కణాల గుంపు ఉంది. ఉప్పులో ఉండే సోడియం లాంటివి కణాల లోపలికీ బయటికీ కదిలితే కరెంటు పుడుతుంది. దాంతో గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు కొట్టుకుంటుంది.

ఆ వరస తప్పితే దడ. ఒక రకం దడలో గుండె పైగదులు ముడుచుకోక వణుకుతాయి. రక్తం నిలిచి గడ్డ కట్టవచ్చు. అది మెదడుకు పోతే పక్షవాతం. గాలి సోకిందని తాయెత్తు కడితే గడ్డ కరుగుతుందా?

అమెరికాలోని కాన్సస్‌లో డాక్టరు ధనుంజయ లక్కిరెడ్డి ఈ దడ మీద పరిశోధన చేశారు. 49 మంది రోగులకు 3 నెలలు యోగా నేర్పించారు. దడ వచ్చే సార్లు తగ్గాయి. ఆ సంగతి 2013లో అచ్చయింది. మందులు మాత్రం మానలేదు సుమా!

దడగా ఉంటే నంద్యాల పోయి ఇ.సి.జి. తీయించుకోండి. భయం వద్దు. మన ఒంట్లోకి కరెంటు పంపరు, ఉన్నదాన్నే కాగితం మీద గీస్తారు. దడ ఉన్నప్పుడే తీస్తే గీతలో దొరుకుతుంది.