కెమెరాకూ కావాలి బోర్డింగ్‌ పాస్‌!

చలికాలం వచ్చిందంటే నెల్లూరు తీరానికి అతిథుల తాకిడే. నేలపట్టులో గూడబాతులు, పులికాట్‌లో ఫ్లెమింగోలు, తోటపల్లి గూడూరు మండలం కోడూరు బీచ్‌లో సూర్యోదయం... వీటికోసం కెమెరాలు భుజాన వేసుకుని చెన్నైలోనో రేణిగుంటలోనో విమానం దిగేవారు కొందరు. ఇక్కణ్నుంచి పెళ్లిళ్ల ఫొటోలు తీయడానికి పైదేశాలకు వెళ్లేవారు మరికొందరు. ఎవరికైనా బెంగ ఒక్కటే... లక్షలు పోసి కొన్న కెమెరా క్షేమంగా చేరుతుందా అని!

ఏది చేతిలో, ఏది పెట్టెలో?
కెమెరా, లెన్సులు, మెమరీ కార్డులు, బ్యాటరీలు చేతిసంచిలోనే ఉండాలి. ట్రైపాడ్‌, ఛార్జర్లు, బట్టలు పెద్ద పెట్టెలో వేయొచ్చు. దేశీయ విమానాల్లో సాధారణ టికెట్‌కి చేతిసంచి బరువు చాలావరకూ 7 కిలోలే. అందుకే ఇంట్లోనే ఓసారి తూచుకోవడం మంచిది. బరువైన లెన్సును కెమెరాకి బిగించే ఉంచితే కుదుపులకు ఆ అతుకు దెబ్బతింటుంది. విడదీసి, మూతలు పెట్టి, మెత్తటి అరల్లో సర్దాలి.

బ్యాటరీతో జాగ్రత్త
విడి లిథియం బ్యాటరీలనూ పవర్‌బ్యాంకులనూ లగేజీలో వేయకూడదు. 2010 సెప్టెంబరులో దుబాయ్‌ నుంచి బయల్దేరిన ఓ సరకు విమానంలో మంటలు చెలరేగి పైలట్లిద్దరూ చనిపోయారు. అందులో పెద్దసంఖ్యలో లిథియం బ్యాటరీలున్నాయి. కిందనున్న సామాన్ల గదిలో బ్యాటరీ అంటుకుంటే అక్కడి రసాయనం మంటను అణచగలదేమో కానీ బ్యాటరీ లోపలి వేడిని ఆపలేదు. అదే క్యాబిన్‌లో అయితే సిబ్బంది వెంటనే చూసి నీళ్లతో చల్లార్చగలరు.

బ్యాటరీ మీద రాసున్న వోల్టులను యాంపియర్‌ అవర్లతో గుణిస్తే వాట్‌ అవర్లు వస్తాయి. 7.2 వోల్టులు, 2 యాంపియర్‌ అవర్ల బ్యాటరీ అంటే 14.4 అన్నమాట. 100 దాకా ఇబ్బంది లేదు. 100 నుంచి 160 వరకూ ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి కావాలి, అదీ రెండింటికే. వీడియో లైట్లు, డ్రోన్ల బ్యాటరీలు కొనేముందే ఈ లెక్క చూసుకోవాలి. విడి బ్యాటరీల కొసలకు టేపు అంటిస్తే షార్ట్‌ సర్క్యూట్‌ భయముండదు.

ఇంకో చిక్కు... చిన్న విమానాల్లో పైఅరలు నిండిపోతే చేతిసంచినీ తలుపు దగ్గరే తీసుకుని కిందికి పంపేస్తారు. కాబట్టి బ్యాటరీలు, కార్డులు, కెమెరా ఓ చిన్న సంచిలో విడిగా సర్ది ఉంచితే చటుక్కున తీసి భుజాన తగిలించుకోవచ్చు.

పోతే ఎంతొస్తుంది?
దేశీయ ప్రయాణంలో లగేజీ పోయినా, పాడైనా చట్టప్రకారం విమాన సంస్థ బాధ్యత మనిషికి రూ.20 వేల వరకే. విదేశీ ప్రయాణాల్లో మాంట్రియల్‌ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి గరిష్ఠంగా 1,519 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు 2 వేల డాలర్లు. ఓ మంచి లెన్సు ఖరీదుకే అది చాలదు! కాబట్టి విడిగా బీమా చేయించుకోవడం మేలు. బిల్లులు, సీరియల్‌ నంబర్ల ఫొటోలు ఫోన్లో ఉంచుకోవాలి. విదేశాలకు వెళ్లేటప్పుడు కస్టమ్స్‌ దగ్గర ఎక్స్‌పోర్ట్‌ సర్టిఫికెట్‌ తీసుకుంటే, తిరిగొచ్చేటప్పుడు ఇది మన కెమెరానే అని రుజువు చేసుకోవడం తేలిక.

దిగాక తొందరొద్దు
చల్లటి ఏసీలోంచి తీరప్రాంతపు ఉక్కలోకి రాగానే కెమెరా బయటికి తీస్తే అద్దాలమీద తేమ పట్టేస్తుంది. అదే లోపల నిలిస్తే బూజుకి దారి. సంచి మూసే ఉంచి ఓ గంట ఆగితే చాలు. సంచిలో సిలికా జెల్‌ పొట్లాలుంటే ఇంకా నయం.

ఎక్స్‌రే వల్ల డిజిటల్‌ కార్డులకు ముప్పు లేదు. పాతకాలం ఫిల్మ్‌ రోళ్లను మాత్రం చేత్తో తనిఖీ చేయమని అడగాలి.

తిరుగు ప్రయాణంలో కెమెరాకన్నా విలువైంది కార్డు. ఫొటోలు రెండుచోట్ల కాపీ చేసి, ఒకటి ఒకరి దగ్గర, ఇంకోటి మరొకరి దగ్గర ఉంచాలి. కెమెరా పోతే మరోటి కొనుక్కోవచ్చు. పెళ్లిలో జీలకర్ర-బెల్లం పెట్టిన క్షణాన్ని మళ్లీ తీయలేం కదా!